మాస్కాట్ అంటే ఏంటి? మంత్రగత్తె నుంచి మన ఫోన్ స్క్రీన్ దాకా ఒక మాట చేసిన ప్రయాణం

ఫ్రెండ్స్, ఆండ్రాయిడ్ అనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? సెట్టింగ్స్ మెనూ కాదు, ప్లే స్టోర్ కాదు. తల మీద రెండు యాంటెన్నాలున్న ఆకుపచ్చ రోబో. లినక్స్ అంటే నల్లకోటు వేసుకున్నట్టుండే బొద్దు పెంగ్విన్. షావోమీ అభిమానుల్ని అడిగితే ఎర్ర నక్షత్రం ఉన్న టోపీ పెట్టుకున్న కుందేలు గురించి చెబుతారు. ఇలాంటి బొమ్మల్ని మాస్కాట్ అంటారని మనందరికీ తెలుసు. రివ్యూల్లో నేనూ ఈ మాట చాలాసార్లు వాడుతుంటాను. కానీ ఈ మాటకి అసలు అర్థం ఏంటి, ఎక్కడ పుట్టింది అని చూస్తే లోపల మంచి కథే ఉంది.

ఫోన్లకి టియర్‌డౌన్ చేస్తాం కదా. ఈసారి ఫోన్ పక్కన పెట్టి, ఈ మాటనే ఒక్కో స్క్రూ విప్పి చూద్దాం. చివరికొచ్చేసరికి ఇది మనకి పనికొచ్చే విషయమే అని మీరూ ఒప్పుకుంటారు.

ముందు పలకడం సంగతి

తెలుగు పేపర్లలో దీన్ని ఎక్కువగా "మస్కట్" అని రాస్తారు. అలా రాస్తే ఒక చిక్కుంది. మన ఊళ్ళల్లో మస్కట్ అంటే ఒమన్ రాజధాని. గల్ఫ్‌లో పనిచేసే వాళ్ళున్న ఇళ్ళల్లో ఆ పేరు రోజూ వినిపిస్తుంది. ఆ ఊరికీ ఈ మాటకీ సంబంధం లేదు. అందుకే నేను ఇక్కడ "మాస్కాట్" అనే రాస్తున్నాను.

లోగో వేరు, మాస్కాట్ వేరు

ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. సింపుల్‌గా చెప్పాలంటే లోగో అనేది సంతకం లాంటిది. ఎక్కడ వేసినా ఒకేలా ఉండాలి. కొరికిన యాపిల్ లోగో. అది నవ్వదు, పరిగెత్తదు, క్రికెట్ బ్యాట్ పట్టుకోదు.

మాస్కాట్ ఒక పాత్ర. దానికి కాళ్ళూ చేతులూ, మొహం, ఒక స్వభావం ఉంటాయి. ఆండ్రాయిడ్ రోబో చేతిలో డోనట్ పెట్టొచ్చు, తలకి మంకీ క్యాప్ తొడగొచ్చు. అయినా అది అదే రోబో.

ఇక బ్రాండ్ అంబాసిడర్ అంటే డబ్బు తీసుకుని కంపెనీ తరఫున మాట్లాడే మనిషి. హీరో కావచ్చు, క్రికెటర్ కావచ్చు. కాంట్రాక్ట్ అయిపోగానే వేరే కంపెనీ యాడ్‌లో కనిపిస్తాడు. మాస్కాట్‌కి ఆ గొడవ లేదు. దానికి వయసు రాదు, పారితోషికం అడగదు, వివాదాల్లో ఇరుక్కోదు. కంపెనీలకి బొమ్మలంటే అంత ఇష్టం ఎందుకో అర్థమైంది కదా.

పుట్టిల్లు ఎక్కడ?

ఫ్రాన్స్ దక్షిణాన ప్రొవెన్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడి భాషలో "మస్కో" అంటే మంత్రగత్తె. ఆమె చేసే మంత్రం, ఆమె ఇచ్చే తాయెత్తు "మస్కోతో". మన దగ్గర రక్షరేకు, తాయెత్తు అంటాం చూడండి, దాదాపు అదే. అది దగ్గరుంటే కలిసొస్తుందని నమ్మకం. జూదం ఆడేవాళ్ళకి ఇలాంటి వస్తువుల మీద మరీ గురి.

ఇంకా వెనక్కి వెళ్తే "మస్కా" అనే మాట కనిపిస్తుంది. ఉత్తర ఇటలీని ఏలిన లొంబార్డుల రాజు రోథారి 643లో ఒక చట్టం రాయించాడు. మస్కా అని ముద్ర వేసి ఇంకొకరి దాసీని ఎవరూ చంపకూడదు అని అందులో ఉంది. అంటే దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే జనం నోట్లో ఈ మాట ఉందన్నమాట. ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో ఇప్పటికీ మంత్రగత్తెని మస్కా అనే అంటారు. మనం మొహానికి పెట్టుకునే మాస్క్ కూడా ఈ మాటకి చుట్టమే అని కొందరు భాషావేత్తల అభిప్రాయం.

ఒక్క నిమిషం. మనం "మస్కా కొట్టడం" అంటాం కదా, అది వేరు. ఆ మస్కాకి అసలు అర్థం వెన్న. ఈ రెండూ వినడానికి ఒకేలా ఉన్నా వేర్లు వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో పని ఉంది.

ఒక నాటకంతో ప్రపంచం చుట్టింది

ఒక మారుమూల ప్రాంతపు మాట ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి మన దాకా ఎలా వచ్చింది? ఒక సంగీత నాటకం వల్ల. 1880 డిసెంబర్ చివర్లో పారిస్‌లో "లా మాస్కోత్" అనే హాస్య సంగీత నాటకం ప్రదర్శించారు. సంగీతం ఎడ్మండ్ ఆడ్రన్. మరుసటి ఏడాది, అంటే 1881లో, అది ఇంగ్లిష్‌లో బోస్టన్, లండన్ నగరాల్లో ఆడింది. ఇంగ్లిష్‌లో ఈ మాట వాడకం మొదలైందీ 1881లోనే.

కథ వింటే మీకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. రొకో అనే రైతు ఉంటాడు. పట్టిందల్లా మన్నయ్యే రకం. వాళ్ళ అన్నదమ్ముడు బెట్టినా అనే అమ్మాయిని అతని దగ్గరికి పంపుతాడు. టర్కీ కోళ్ళు కాసుకునే అమ్మాయి ఆమె. ఆమె మాస్కాట్, అంటే ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి అదృష్టం. ఈ సంగతి రాజుగారి చెవిన పడుతుంది. ఇంకేం, ఆమెని తీసుకెళ్ళి కోటలో పెట్టేసుకుంటాడు. పెళ్ళయితే ఆ మహిమ పోతుందట. అందుకని ఆమె ప్రేమించిన పిప్పోతో పెళ్ళి కాకుండా అడ్డం పడుతుంటారు.

"కోడలు అడుగుపెట్టిన వేళావిశేషం", "మహాలక్ష్మి ఇంటికొచ్చింది" అనే మాటలు మనకి కొత్తేం కాదు. నాకు ఈ కథలో ముఖ్యంగా తోచింది ఇది: బెట్టినా వల్ల అందరికీ మేలు జరుగుతోంది, కానీ నీకేం కావాలి అని ఆమెని అడిగేవాడు లేడు. మాస్కాట్ ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళది. ఈ మాటకి ఉన్న అసలు మెకానిజం ఇదే. తాయెత్తు అయినా, బెట్టినా అయినా, మన ఫోన్‌లో రోబో అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: అదృష్టం ఎటువైపు వెళ్తోంది?

తాయెత్తు నుంచి కంపెనీ బొమ్మ దాకా

మొదట్లో ఈ మాట అదృష్టం తెచ్చే జంతువుకో, పిల్లాడికో, వస్తువుకో వాడేవారు. 1889 నుంచి అమెరికాలోని యేల్ యూనివర్సిటీ జట్టుకి హ్యాండ్సమ్ డాన్ అనే బుల్‌డాగ్ మాస్కాట్. ఆ తర్వాత కూడా ఇంకొన్ని కుక్కలు అదే పేరుతో వచ్చాయి. ఇంగ్లండ్‌లో కారు బానెట్ మీద పెట్టే చిన్న బొమ్మని కూడా మాస్కాట్ అనేవారు. రోల్స్ రాయిస్ మీద రెక్కల్లాంటి వస్త్రంతో ముందుకి వంగిన అమ్మాయి బొమ్మ 1911లో వచ్చింది. మనవాళ్ళు కొత్త బండికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడతారు. దసరాకి ఆఫీసుల్లో కంప్యూటర్లకి బొట్టు పెడతారు. చేసే తీరు వేరైనా మనసులో భావం ఒకటే.

తర్వాత కంపెనీలు రంగంలోకి దిగాయి. మిషెలిన్ టైర్ల మనిషిని చూసే ఉంటారు. 1894లో లియోన్ ఎగ్జిబిషన్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చిన టైర్లు చూసి, దీనికి చేతులు పెడితే మనిషిలా ఉంటుంది కదా అని మిషెలిన్ అన్నదమ్ములకి తట్టింది. 1898లో పోస్టర్ మీదకి వచ్చేశాడు. ఒళ్ళు తెల్లగా ఎందుకుంటుందంటే, అప్పటి టైర్లు నల్లగా ఉండేవి కావు.

గ్యాడ్జెట్ లోకానికొస్తే, గ్రామఫోన్ ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క మన తాతల కాలం నుంచీ తెలుసు. దాని పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు గీసిన ఆ బొమ్మని గ్రామఫోన్ కంపెనీ 1899లో కొంది. ముందు గీసినప్పుడు ఆ కుక్క ముందున్నది వేరే యంత్రం, సిలిండర్ మీద రికార్డ్ చేసే ఫోనోగ్రాఫ్. దాని మీద గ్రామఫోన్ గీసిస్తే కొంటామన్నారు, ఆయన గీసిచ్చాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్పాన్సర్ కోసం ప్రొడక్ట్ మార్చేశారన్నమాట.

మన దేశంలోనూ ఈ వరస పెద్దదే. ఎయిర్ ఇండియా మహారాజా 1946, ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్కే లక్ష్మణ్ గీసిన గట్టు 1954, అమూల్ పాప 1966. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌కి అప్పు అనే ఏనుగు, 2002లో రైల్వేకి లాంతరు పట్టుకున్న భోలు అనే ఏనుగు. 2003లో మన హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు షేరూ అనే సింహం. 2009 ఐపీఎల్ టైమ్‌లో వొడాఫోన్ జూజూలు గుర్తున్నాయా? అవి గ్రాఫిక్స్ అనుకున్నారు చాలామంది. తెల్లటి సూట్లు వేసుకున్న మనుషులే అవి.

పెంగ్విన్ ఓడిపోయి గెలిచింది

ఇప్పుడు అసలు మన ఏరియాకి వద్దాం. 1996లో లినక్స్‌కి ఒక గుర్తు కావాలనుకున్నారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కి పెంగ్విన్లంటే ఇష్టం. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఒక చిట్టి పెంగ్విన్ తనని కొరికిందని సరదాగా చెబుతుంటాడు. లారీ యూయింగ్ అనే కుర్రాడు గింప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కడుపు నిండా తిని కూర్చున్న పెంగ్విన్‌ని గీశాడు. దానికి టక్స్ అని పేరు పెట్టారు.

తమాషా ఏంటంటే, లోగో పోటీలో టక్స్ గెలవలేదు. అయినా జనం వదల్లేదు. లోగోగా ఓడిపోయి మాస్కాట్‌గా మిగిలింది. పైన చెప్పిన తేడాకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. లోగోని కమిటీ ఎంచుకోవచ్చు. మాస్కాట్‌ని మాత్రం వాడేవాళ్ళే పెంచుకోవాలి.

తన పేరూ, గింప్ పేరూ చెబితే చాలు, టక్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నాడు లారీ. దాంతో టక్స్‌కి నామం పెట్టినవాళ్ళున్నారు, కత్తి ఇచ్చినవాళ్ళున్నారు. కొన్ని లినక్స్ సిస్టమ్‌లు బూట్ అయ్యేటప్పుడు స్క్రీన్ పైన చిన్న చిన్న టక్స్ బొమ్మలు వరసగా వస్తాయి. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉంటే అన్ని పెంగ్విన్లు. ఇంత ముద్దయిన స్పెక్ షీట్ నేనింకోటి చూడలేదు. 2009లో లినక్స్ కెర్నల్ 2.6.29 వెర్షన్‌లో టక్స్ కాస్త పక్కకి జరిగి, టాస్మానియన్ డెవిల్ అనే జంతువుకి సీటిచ్చింది. అంతరించిపోతున్న ఆ జంతువు గురించి జనానికి తెలియడానికే అలా చేశారు.

ఆకుపచ్చ రోబో

ఆండ్రాయిడ్ రోబోని 2007లో గూగుల్‌లో ఇరీనా బ్లాక్ అనే డిజైనర్ గీసింది. బాత్‌రూమ్ తలుపుల మీద ఆడ, మగ బొమ్మలుంటాయి చూడండి, ఆ సాదా గీతలే ఆమెకి ప్రేరణ. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి రోబో కూడా ఓపెన్‌గానే ఉండాలనుకున్నారు. అందుకే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేశారు. ఎవరు గీశారో చెబితే చాలు, మీరూ దాన్ని మార్చి వాడుకోవచ్చు. కానీ "ఆండ్రాయిడ్" అనే పేరు మాత్రం గూగుల్ ట్రేడ్‌మార్క్. దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. బొమ్మ జనానిది, పేరు కంపెనీది.

ఇంకో సంగతి. ఆండ్రాయిడ్ నడిచేది లినక్స్ కెర్నల్ మీద. అంటే మీ ఫోన్‌లో ఆకుపచ్చ రోబో కింద ఒక పెంగ్విన్ కూర్చుని ఉంది.

నోరొచ్చిన మాస్కాట్: క్లిప్పీ

ఇంతవరకూ మనం చూసినవి చాలావరకూ మన పనిలో వేలు పెట్టని బొమ్మలు. మాస్కాట్ మన స్క్రీన్ మీదకొచ్చి మనతో మాట్లాడితే ఏమవుతుంది? ఆఫీస్ 97లో మైక్రోసాఫ్ట్ అదే చేసింది. కళ్ళున్న పేపర్ క్లిప్, దాని పేరు క్లిప్పీ. మీరు ఉత్తరం మొదలుపెట్టగానే స్క్రీన్ మూల నుంచి పలకరించి సాయం కావాలా అని అడిగేది. మొదటిసారి బాగానే ఉంటుంది. యాభైసార్లు అడిగితే ఎవరికైనా చిరాకే. 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు. ఆఫీస్ 2007కి పూర్తిగా తీసేశారు.

ఆ ఐడియా వెనక ఒక రీసెర్చ్ ఉంది. బైరన్ రీవ్స్, క్లిఫర్డ్ నాస్ అనే స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు మనుషులు కంప్యూటర్లతో ఎలా ప్రవర్తిస్తారో పరీక్షించారు. ఒక కంప్యూటర్ దగ్గర పాఠం నేర్పించి, ఈ కంప్యూటర్ ఎలా చెప్పింది అని అడిగారు. అదే కంప్యూటర్ మీద అడిగితే జనం మంచి మార్కులేశారు. పక్క కంప్యూటర్ మీద అడిగితే కాస్త నిజం బయటికొచ్చింది. అంటే ఎదురుగా ఉన్న మెషీన్‌ని నొప్పించడానికి మొహమాటపడ్డారు! ఆ మెషీన్‌కి మొహం లేదు, కళ్ళు లేవు. అయినా మొహమాటమే. మరి కళ్ళూ, నవ్వూ ఉన్న బొమ్మ ముందు మన పరిస్థితి ఏంటి? డ్యువోలింగో గుడ్లగూబ ఏడుపు మొహం పెట్టగానే పాఠం తెరిచేవాళ్ళు ఎంతమంది లేరు?

క్లిప్పీ కథ అక్కడితో అయిపోలేదు. 2025 ఆగస్టులో లూయిస్ రాస్‌మన్ అనే యూట్యూబర్ ఒక పిలుపిచ్చాడు. మన గ్యాడ్జెట్లని మనమే రిపేర్ చేసుకునే హక్కు కోసం పోరాడే మనిషి ఆయన. కంపెనీలు మన డేటా లాక్కోవడం నచ్చనివాళ్ళు ప్రొఫైల్ ఫోటోగా క్లిప్పీని పెట్టుకోండి అన్నాడు. చాలామంది పెట్టుకున్నారు. లాజిక్ ఏంటంటే, క్లిప్పీ విసిగించింది నిజమే, కానీ అది సాయం చేద్దామనే వచ్చింది. మన డేటా అమ్ముకోలేదు. కంపెనీ పక్కన పెట్టేసిన బొమ్మ ఇలా జనం చేతిలో తాయెత్తు అయింది.

అదే ఏడాది అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ తన ఏఐ అసిస్టెంట్ కోపైలట్‌కి మికో అనే రంగురంగుల మొహం ఇచ్చింది. దాన్ని వరసగా నొక్కుతూ పోతే క్లిప్పీగా మారుతుంది. నవ్వు తెప్పించే ఈస్టర్ ఎగ్. కానీ ఈ రోజుల్లో మొహం వెనక ఉన్నది పాత పేపర్ క్లిప్ కాదు. మన మాట వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది, మన ఫైళ్ళలోకి రానివ్వమని అడుగుతుంది.

మరి మనమేం చేయాలి?

మాస్కాట్లంటే నాకు కోపం లేదు. నా లాప్‌టాప్ మూత మీద టక్స్ స్టిక్కర్ ఉంది. అది ఎక్కడికీ పోదు. నేను చెప్పేదల్లా ఆ మాట పుట్టిన చోట ఉన్న ప్రశ్నని మర్చిపోవద్దని. తాయెత్తు కట్టుకున్నవాడికి మేలు జరగాలి. బెట్టినా ఉన్న ఇంటికి మేలు జరగాలి. మరి మీ ఫోన్‌లో ఉన్న బొమ్మ ఎవరింట్లో ఉన్నట్టు?

కొత్త ఫోన్‌లో కానీ, యాప్‌లో కానీ ముద్దయిన బొమ్మ కనిపిస్తే ఇవి చూసుకోండి.

ఒకటి, ఆ బొమ్మని ఆఫ్ చేసే ఆప్షన్ ఉందా? ఉంటే ఎన్ని మెనూల లోపల దాచారు?

రెండు, అది ఏం అడుగుతోంది? మైక్, కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్ అడిగే స్క్రీన్ మీద బొమ్మని చేత్తో కప్పేసి ఒకసారి చదవండి. బొమ్మ లేకుండా అదే ప్రశ్న ఒక కొత్త మనిషి అడిగితే సరే అంటారా?

మూడు, మీరు బాధపడేలా మాట్లాడుతోందా? యాప్ తీసేస్తుంటే కన్నీళ్ళు పెట్టుకునే బొమ్మకి బాధ ఉండదు. ఆ కన్నీళ్ళు గీసినవాళ్ళకి లెక్కలుంటాయి.

ఈ మూడింటికీ జవాబు బాగుంటే అది నిజంగా మాస్కాట్, అంటే మీకు కలిసొచ్చే బొమ్మ. లేకపోతే అది చేస్తున్నది ఇందాక మనం పక్కన పెట్టిన రెండో పని, అంటే మస్కా కొట్టడం. ప్రొవెన్స్ మంత్రగత్తెకి మస్కా కొట్టడంతో చుట్టరికం లేకపోవచ్చు కానీ, మన ఫోన్లలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటున్నాయి. ఏది ఏదో గుర్తుపట్టడం మన చేతిలో ఉంది.

ఇంకో మాటని ఇలాగే విప్పి చూసేందుకు మళ్ళీ కలుద్దాం, ఫ్రెండ్స్.